మామయ్యగారూ అంటే పలకని ఊరు

ఇందులో రాసిందంతా అక్షరాలా నిజం. మా ఆవిడ మీద ఒట్టేసి చెబుదామనుకున్నాను గానీ, "నీ కథలకి నన్ను పణం పెట్టకు" అని ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని నా బట్టతల మీదే చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. అక్కడ ఇంక పోవడానికి ఏముంది అని మాత్రం అడక్కండి.

ఈ ప్రమాణాల అవసరం ఎందుకొచ్చిందంటే, నిన్న రెడ్‌మండ్ నుంచి మా మరదలు మెసేజ్ పెట్టింది. "బావా, డిసెంబర్ సెలవులకి సాన్ క్రిస్టోబల్ బుక్ చేశాం. నువ్వు వెళ్లొచ్చావుగా, ఒక గైడ్ రాసి పంపు. ఏం చూడాలి, ఏం తినాలి, బుల్లెట్ పాయింట్స్ చాలు. ప్లీజ్, కథలొద్దు." ఆష్‌బర్న్‌లో మా బేస్‌మెంట్‌లో కూర్చుని పొద్దున్నుంచి దాంతోనే కుస్తీ పడుతున్నాను. దక్షిణ మెక్సికో కొండల్లో పాత ఊరు, పసుపూ ఎరుపూ నీలం పూసిన గోడలు, పెంకుల కప్పులు, నడిచి నడిచి నున్నబడిన రాళ్ల వీధులు అని మొదలుపెట్టాను. అంతవరకూ బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏ పాయింట్ రాయబోయినా మామయ్యగారు అడ్డం పడుతున్నారు. చిరాకేసి మూడుసార్లు చెరిపేశాను.

మామయ్యగారంటే మా ఆవిడకీ ఈ మరదలికీ నాన్న. మిషిగన్ రాష్ట్రం నోవైలో కార్ల డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. మంచు తుఫానులో మ్యాప్ లేకుండా ఇల్లు చేరిన మనిషినని ఆయనకి చెప్పలేనంత గర్వం. మెక్సికో అంటే ఎండే అనుకుని మేమంతా పల్చటి బట్టలు సర్దుకున్నాం. తీరా దిగితే వణుకు. స్వెట్టర్ కొందామంటే, "మిషిగన్‌లో బతికినవాణ్ణి, నాకు చలేంటయ్యా?" అన్నారు. సరే, గైడ్‌లో రాయొచ్చు: స్వెట్టర్ తీసుకెళ్లండి, మామగారిని తీసుకెళ్లకండి.

తిండి దగ్గర ఇంకో తలనొప్పి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని మా ఆవిడ శ్రద్ధగా నేర్చుకుంది. ఆ మాట అంటే హోటల్ అమ్మాయి నల్ల చిక్కుళ్లు తెచ్చింది. మామయ్యగారు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో కొవ్వుందమ్మా" అన్నారు. ఉంది. పంది కొవ్వుతో వేయించారట. ఇంకోచోట సిన్ కార్నే అంటే కోడి వచ్చింది. వాళ్ల లెక్కలో కోడి మాంసం కిందకి రానట్టుంది. ఆయన అప్పటికే షుగర్ మాత్ర వేసుకున్నారు. నల్ల కాఫీ ఒక్కటి తాగి, ఇంకేదీ ముట్టనని భీష్మించుకున్నారు. ఎత్తైన ఊరు కావడంతో మా ఆవిడ తలపోటుతో హోటల్లోనే పడుకుంది. కనీసం అరటిపళ్లైనా తినిపిద్దామని ఆయన్ని పెద్ద చర్చి పక్కనున్న మార్కెట్‌కి నేను తీసుకెళ్లాను.

ఒక అంగట్లో తేనెరంగు రాళ్ల దండ బేరమాడి వెనక్కి తిరిగేసరికి మామయ్యగారు లేరు. ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్ హోటల్లో ఛార్జింగ్‌లో ఉంది. ఖాళీ కడుపు, లోపల మాత్ర, భాష ఒక్క ముక్క రాని ఊరు. మా ఆవిడకి ఫోన్ చేశాను.

"మీ నాన్న కనబడట్లేదు."

"ఊఁ, తర్వాత?"

"నిజంగానే!"

"పోయినసారి లిఫ్ట్‌లో ఎలుగుబంటి ఎక్కింది కూడా నిజంగానే. తల పగిలిపోతోంది, పెట్టేయ్." పెట్టేసింది.

ఇన్నేళ్లూ కథలల్లి సంపాదించుకున్న పేరు, సరిగ్గా అవసరమైనప్పుడు నన్ను అలా ముంచింది. "మామయ్యగారూ!" అని అరుస్తూ పూల వరుసంతా తిరిగాను. ఆ రద్దీలో అంత పొడుగు పిలుపు నాలుగడుగులు కూడా పోవట్లేదు. కూరగాయల దగ్గరికి వచ్చేసరికి "గారు" రాలిపోయింది. మిరపకాయల దగ్గర "అయ్య" కూడా పోయింది. పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి, చివర దీర్ఘం తీసి, "మామా! మామా!" అని గొంతు చించుకున్నాను. స్పానిష్‌లో అమ్మని అచ్చం అలాగే పిలుస్తారు.

ఆడవాళ్లంతా తిరిగి చూశారు. బట్టతల, బొజ్జ, కళ్లనిండా నీళ్లతో అమ్మ కోసం ఏడుస్తున్న మగాడు! మార్కెట్ మొత్తం పగలబడి నవ్వింది. నల్ల ఉన్ని పరికిణీ కట్టుకున్న ఒక ముసలామె వచ్చి నా మణికట్టు పట్టుకుని, "మమా?" అంది. "సీ, సీ, మామా!" అని అవునన్నట్టు తలూపాను. ఎలా ఉంటారో చెప్పాలిగా, పెదవి మీద వేళ్లతో గుబురు మీసం గీసి చూపించాను. మీసాల తల్లి! నవ్వు ఇంకా పెరిగింది.

అయినా ఆమె చెయ్యి వదల్లేదు. అంగడి అంగడికీ ఆగి అడుగుతూ చర్చి మెట్ల దాకా లాక్కెళ్లింది. అక్కడ ఎండలో ముసలమ్మలు వరసగా కూర్చున్నారు. చివరి ముసలమ్మ నీలం శాలువా తలమీంచి కప్పుకుని, మొక్కజొన్న జావ తాగుతోంది. శాలువా కింద మీసం.

"ఎక్కడికి పోయావయ్యా అల్లుడూ? తప్పిపోతే ఒకచోట నిలబడాలని తెలీదూ?" అన్నారు మామయ్యగారు. గొంతు గంభీరంగానే ఉంది. గ్లాసు మాత్రం రెండు చేతులతో పట్టుకున్నా వణుకుతోంది. అంత చలిలోనూ నుదురంతా చెమట. పడిపోబోతుంటే ఆ ముసలమ్మలే కూర్చోబెట్టి, తియ్యటి జావ పట్టించారని తర్వాత తెలిసింది. నన్ను తీసుకొచ్చినామె ఆయన మీసం చూసింది, నన్ను చూసింది, నా చెంప మీద తట్టి వెళ్లిపోయింది.

మామయ్యగారు తను తప్పిపోయినట్టు ఈనాటికీ ఒప్పుకోరు. ఈ కథని ఆష్‌బర్న్‌లో ఏ పార్టీలో చెప్పినా జనం ప్లేట్లు పక్కనపెట్టి మరీ నవ్వుతారు. ఇందులో ఏది కల్పనో చెప్పమంటారా? శాలువా అనుకుంటున్నారు కదూ. శాలువా నిజం, మీసమూ నిజం. మార్కెట్ నవ్వడమే అబద్ధం. ఆ రోజు అక్కడ ఒక్కరూ నవ్వలేదు. బేరాలు ఆపేసి, నాతోపాటు వాళ్లూ వెతికారు. నవ్వులన్నీ నేనే తర్వాత కలిపాను. ఏళ్లు గడిచేకొద్దీ భయం అరిగిపోయి నవ్వు మిగులుతుందనుకున్నాను. నా విషయంలో నవ్వే అరిగిపోతోంది, దాని అడుగునున్న భయం కొత్తగా బయటపడుతోంది.