వదిలేసిన వరుస

అంధుల బడిలో కంప్యూటర్లు చూసే అతన్ని అందరూ కత్తెర అంటారు. కెర్నల్ అంటే కంప్యూటరుకీ దాని భాగాలకీ మధ్య పెత్తనం చేసే మూల ప్రోగ్రాం. అది ఎక్కడ కనబడినా, అక్కర్లేనివి కత్తిరించి మళ్లీ కట్టందే అతనికి ముద్ద దిగదు.

ఈసారి మాత్రం సరదాకి కాదు. రెండింటికి లెక్కల పరీక్ష, ఆలోగా ప్రశ్నపత్రాలు బ్రెయిలీలో, అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల్లో, అచ్చు కావాలి. పాత కంప్యూటర్ పొద్దున్నే చేతులెత్తేసింది. కొత్తదాని కెర్నల్‌కేమో ముసలి బ్రెయిలీ అచ్చుయంత్రం ముక్కూమొహం తెలియదు. పరిచయం చేయాలంటే మళ్లీ కట్టాల్సిందే.

"కుదరకపోతే ప్రశ్నలు ఎవరిచేతైనా చదివించేద్దాం" అన్నారు హెడ్మాస్టరు.

"వద్దండీ" అంది కత్తెర అక్క టక్కున. చూపు లేని ఆమె అక్కడే లెక్కల టీచరు.

కత్తెర తలెత్తలేదు. తనకు పన్నెండేళ్లప్పుడు అక్కకు పరీక్షలో ప్రశ్నలు చదివింది తనే. తొందరలో ఒక వరుస వదిలేశాడు. మూడు మార్కుల తేడాతో అక్క తప్పింది, ఏడాది పోయింది. ముప్పై ఏళ్లుగా ఆ మాట గొంతులో ముల్లులా ఉంది, బయటకు రాలేదు.

కెర్నల్ అడిగే ప్రతిదానికీ మూడే జవాబులు: లోపల కలుపు, విడిగా ఉంచు, వద్దు. అలాంటివి వందల వరుసలు. ఒక కన్ను గడియారం మీదే పెట్టి జవాబులు కొట్టుకుంటూ పోయాడు. కట్టడానికి గంట పట్టింది. తీరా కంప్యూటర్ లేపితే నల్లటి తెర మీద ఒకటే మాట: డిస్కు దొరకలేదు.

అదృష్టం కొద్దీ పాత కెర్నల్‌ను తీసెయ్యలేదు. దాంతో లేపి, ఈసారి తెర మీద వేలు పెట్టి వరుస వరుసా చదివాడు. డిస్కును నడిపే ముక్క దగ్గర 'విడిగా' అని ఉంది. ఆ ముక్క ఉన్నదేమో డిస్కులోనే! తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టయింది. మళ్లీ ఒక వరుస చూడకుండా వదిలేశాడు. బుద్ధి గడ్డి తిన్నది.

'కలుపు' అని మార్చాడు. మిగతాదంతా కట్టే ఉంది కాబట్టి పది నిమిషాల్లో అయిపోయింది. ఒంటిగంటన్నరకు అచ్చుయంత్రం టకటకమంది.

అక్క మొదటి కాగితం మీద వేళ్లు నడిపింది. కిందిదాకా వెళ్లి మళ్లీ పైకొచ్చింది.

"తప్పుందా అక్కా?"

"లేదురా. ఈసారి ఒక్క వరుస కూడా వదల్లేదు."

అతని చేతులు ఆగిపోయాయి. "నీకు తెలుసా?"

"మార్కులొచ్చిన రోజే తెలుసు. ఆ రోజుల్లో నీకు అన్నమే సహించకపోతే ఇంకేమడుగుతాను?" ఆమె చెయ్యి చాపి అతని చెంప తడిమి చూసింది. "ఏడుపు తర్వాత. కాగితం తడిస్తే చుక్కలు అణిగిపోతాయి."