చిన్న డాక్టరమ్మ అన్నదెవరు?

నా కుట్టుమిషను ముందు కూర్చుంటే ఎదురుగా కనిపించేది మందుల వదిన షాపే. నిజానికి వరసకి వదినేమీ కాదు, ఇరవయ్యేళ్లు ఎదురెదురుగా కూర్చున్నందుకు అయింది. చదువురానివాళ్లకి మందుల కవరు మీద పొద్దుటి మాత్రకి సూర్యుణ్ణి, రాత్రి మాత్రకి చంద్రుణ్ణి గీసిచ్చేది. ఆమె చంద్రుడు అచ్చం దోసకాయ ముక్కలా ఉండేవాడు. ఎన్నిసార్లు వెక్కిరించినా బాగుపడలేదు.

మా ఆస్పత్రి డాక్టరు రోజూ రావలసినవాడు, వారానికి ఒక్కరోజే వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ వదినే బీపీ చూసి, నోటుపుస్తకంలో రాసి, ఆయనకి ఫోన్ చేసేది. ఆయన చెప్పిందే చేసేది, పిసరంత కూడా ఎక్కువ చేసేది కాదు. ఓసారి ఆయనే మా ఇద్దరి ముందూ నవ్వుతూ అన్నాడు, "నువ్వుండగా ఇక్కడ నేనెందుకమ్మా? చిన్న డాక్టరమ్మవి నువ్వు!" అని. నా చెవులారా విన్నాను. వారం తిరిగేసరికి అందరి నోటా అదే పేరు. వదిన వద్దువద్దంటూనే మురిసిపోయింది.

తర్వాత మందుల షాపుల్లోనే బీపీ, షుగరు చూడొచ్చని కొత్త పథకం వచ్చింది. వదిన శిక్షణ తీసుకుంది. షాపు వెనక గదికి సున్నం వేయించి బల్లా కుర్చీ సర్దింది. ఇక అనుమతికి కావలసింది తనిఖీ, డాక్టరు మాట.

తనిఖీ రోజున కుడుతున్న జాకెట్టు వదిలేసి నేనూ వెళ్లాను. అధికారి ఓ కాగితం తీశాడు.

"జనం ఈమెని డాక్టరమ్మ అంటున్నారని ఫిర్యాదు వచ్చింది. ఎవరు పెట్టారండీ ఆ పేరు?"

వదిన నింపాదిగా డాక్టరు వైపు చూసింది. చెప్తాడని ఆమెకి గట్టి నమ్మకం. చెప్తే, ఆ ఆరు రోజులూ నువ్వెక్కడున్నావని ఆయన్నే అడుగుతారన్న సంగతి మాకు తట్టనేలేదు.

"నాకేం తెలుసండీ? తనే పిలిపించుకుంటోందేమో. బీపీ చూడమని నేనెప్పుడూ చెప్పలేదు" అన్నాడు, నోటుపుస్తకం మూసి పక్కకి జరుపుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత మండితే ఏం? పని మధ్యలో లేచి వచ్చానేమో, పెదాల మధ్య గుండుసూదులున్నాయి. తీస్తే మాట్లాడొచ్చు. తీయలేదు. ఆస్పత్రి యూనిఫారాలు కుట్టే పని ఆయన ఇప్పించిందే మరి.

అనుమతి రాలేదు. బీపీ మిషను పెట్టెలోకి పోయింది.

నాలుగు రోజులకి మా అత్తగారు తల తిరుగుతోందంటూ వీధి దాటి వెళ్లి, బల్ల మీద చెయ్యి చాపింది.

"చిన్న డాక్టరమ్మా, కాస్త చూడమ్మా."

వదిన ఆ చెయ్యి ముట్టుకోలేదు. "అలా పిలవకండి పిన్నిగారూ. ఆ పేరు పెట్టిందెవరో ఎవరికీ తెలీదట. మీ కోడల్ని అడగండి, ఆ రోజు పక్కనే ఉంది."

అత్తగారు తిరిగొచ్చి నా మిషను పక్కన నిలబడింది.

"ఏమే, నీకు తెలుసా?"

ఈసారి నా నోట్లో సూదులు లేవు.