నల్లా దగ్గర వెనక్కి చూడలేదు

పెద్దమ్మ పోయిందని కబురు అందగానే, టెన్త్ చదువుతున్న మా అమ్మాయిని తీసుకుని కారేపల్లిలో ఇల్లందు బస్సెక్కాను. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. బొగ్గుబావి కాలనీలో మా పాత పక్కింటావిడ. మేము వెళ్ళేసరికి అమ్మలక్కలు అరుగెక్కి, ఎవరు ఎంత ఏడుస్తున్నారో చూస్తున్నారు. వాళ్ళకు అదే పని. ఒకప్పుడు నన్నూ అలాగే చూశారు.

ఈ అమ్మాయి పుట్టి, నా పురుడు తీరిన రోజు సంగతి అది. బాలింత బావికి పసుపుకుంకుమ పెట్టి తొలి బిందె తేవాలి. కాలనీలో బావి లేదు కనుక నల్లాకే పెట్టేవాళ్ళం. దానికి ఈ మహాతల్లులు ఒక పరీక్ష తగిలించారు. నేను బిందెతో వెళ్తుంటే ఇంట్లో పిల్లను గిచ్చి ఏడిపించాలి. నేను వెనక్కి తిరిగితే తల్లినయినట్టు. మనసు కొలవడానికి ఎంత గొప్ప తెలివి! మా అత్త గిచ్చింది, పిల్ల ఏడ్చింది, నేను తిరగలేదు. నిజానికి అప్పటికి ఆ పిల్ల మీద నాకేమీ అనిపించలేదు. నిద్ర కావాలనిపించేది, అంతే.

తల్లి మనసు రాలేదని తీర్పు చెప్పేశారు. వచ్చేదాకా పిల్లను తిరుమలాయపాలెంలో ఉండే, పిల్లల్లేని మా ఆడబిడ్డ దగ్గర ఉంచాలని అత్త బట్టలు సర్దింది.

పెద్దమ్మ వచ్చి మా గడపలో కూర్చుంది. ఆమెది మెత్తని నోరు కాదు. ఎవరైనా చాడీలు మొదలుపెడితే చీపురు పట్టుకుని వాళ్ళ కాళ్ళ దగ్గరికే ఊడ్చుకుంటూ వచ్చేది.

"పసిపిల్లను గిచ్చినోళ్ళు తల్లి ఎవలో చెప్తుండ్రా? పిల్లను తీస్కపోవాలంటే నన్ను దాటిపోండ్రి," అంది.

పెద్దమనిషిని దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అందరూ పోయాక నా తల దువ్వుతూ మెల్లగా చెప్పింది.

"నా పెద్దోడు నడ్సెదాక వాని మీద నాకు పానం గుంజలే బిడ్డా. ఎవ్వలకు చెప్పలే. నువ్వు పండుకో, పిల్లను నేను చూస్త."

పడుకున్నాను. ఆ ప్రేమ ఏ రోజు వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది. ఆ రోజు పిల్లను పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

ఇప్పుడు పెద్దమ్మ చివరి స్నానానికి నీళ్ళు కావాలన్నారు. నేను బిందె అందుకున్నాను. కంట్లో చుక్క లేదు చూడమని అరుగు మీద ఒకావిడ అననే అంది. ఆ నల్లా దగ్గరికే నడిచాను. వెనకాల పెద్దమ్మ కాళ్ళ దగ్గర మా అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తోంది. అరుగంతా నా వైపే చూస్తోందని తెలుసు. తిరగలేదు. ముందు పెద్దమ్మకు నీళ్ళు కావాలి.

బిందె నిండేసరికి అమ్మాయే వచ్చి, ముక్కు తుడుచుకుని, రెండో పక్క చెయ్యి వేసింది.