మాస్టారు మడత చాకు కొన్న రోజు

కత్తెర వదిలేసి ఆరేళ్ళు దాటినా ఆయన్ని అందరూ కటింగ్ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒకే టైలరింగ్ షాపులో, ఒకే బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరించిన మనిషి. టేపు మెళ్ళో వేలాడేదే గాని, గుమ్మం దాటి లోపలికొచ్చిన వాణ్ణి చూడగానే ఛాతీ ఎంతో, నడుం ఎంతో మనసులోనే అనేసుకునేవాడు. తర్వాత టేపు పెట్టి చూస్తే అరంగుళం కూడా తేడా వచ్చేది కాదు. సుద్దతో ఒక్క గీత గీసి, దాని మీద కత్తెర నడిపిస్తుంటే గుడ్డ తనంతట తానే విడిపోతున్నట్టు ఉండేది.

చూపు ఒక్కసారిగా పోలేదు. ముందు పక్కలు పోయాయి. బల్ల అంచున పెట్టిన సుద్దపెట్టె చెయ్యి తగిలి కిందపడేది. తన చెయ్యే తొందరపడుతోందనుకున్నాడు మాస్టారు. కొన్నాళ్ళకి గీసిన గీతే మసకబారింది. డాక్టరు చూసి, కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బని చెప్పి, ఇంత ఆలస్యంగానా వచ్చేది అన్నాడు. నలభై ఆరో ఏడు వచ్చేసరికి వెలుగూ చీకటీ తేడా మాత్రం మిగిలింది. ఆ మరుసటేడు అదీ లేదు.

ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నాక, శిక్షణ కేంద్రంలో పేము అల్లిక నేర్చుకున్నాడు. కుర్చీ చట్రానికి చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి తడిపిన పేము బద్దల్ని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా లాగి సీటు అల్లడం. అక్కడ నేర్పే ఆయనకీ చూపు లేదు. మాస్టారి వేళ్ళు పట్టుకుని చూసి, నీకు తిన్నగా లాగడం ముందే వచ్చు, నేను నేర్పేదల్లా లెక్కపెట్టడమే అన్నాడట. ఆ మాట నిజమే అయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో డాక్టర్ల గదుల్లోంచీ, ఇళ్ళలోంచీ కుంగిపోయిన కుర్చీలు మాస్టారి వరండాలోకి రావడం మొదలైంది.

అల్లేది ఆయనే గాని, కోసేది మాత్రం భార్య. ప్రతి బద్దా చివరికొచ్చాక కుర్చీ అడుగున ముడి వేసి, మిగిలిన కొసని చట్రానికి ఆనించి కోసెయ్యాలి. అక్కడ వేలు అదిమిపట్టి "ఇదిగో" అనేవాడు మాస్టారు. ఆవిడ ఎక్కడున్నా వచ్చి, కొంగున దోపుకున్న చిన్న కత్తెరతో కత్తిరించి వెళ్ళేది. ఒక్క కుర్చీకి అలాంటి కొసలు ముప్పై పైనే ఉంటాయి. ఆవిడ ఉదయం పూట పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఆయాగా పని చేసి, రెండింటికి ఇంటికొచ్చేది. కాబట్టి మాస్టారు పొద్దున అల్లిన బద్దలన్నీ కుర్చీ కింద మీసాల్లా వేలాడుతూ ఆవిడ కోసం చూస్తుండేవి.

ఆ ఇంట్లో ఆయన చేతికి అందేలా పదునైన వస్తువేదీ ఉండేది కాదు. చూపు పోయిన కొత్తలో రొట్టె కోసుకోబోయి అరచెయ్యి కోసుకున్నాడు, అదీ అందరికీ తెలిసిన కారణం. మూడు కుట్లు పడ్డాయి. బావమరిది చెప్పేటప్పుడు అవి ఏడయ్యేవి. మాస్టారు ఒకటి రెండుసార్లు కత్తెర ఇమ్మని అడిగాడు. ఆవిడ నేనున్నానుగా అంది. నా చేతుల మీద దీనికి నమ్మకం పోయిందని ఆయన మనసులో పెట్టుకున్నాడు. కత్తెర మీద బతికిన వాడికి అది చిన్న మాట కాదు.

ఇలా ఉండగా లైబ్రరీ నుంచి కబురొచ్చింది. రీడింగ్ హాల్లో నలభై నాలుగు కుర్చీలు చిల్లులు పడి ఉన్నాయనీ, వాటిని బయటికి పంపే వీల్లేదు కాబట్టి వెనక గదిలో కూర్చుని అక్కడే అల్లాలనీ, ఆ గది రోజూ మధ్యాహ్నం ఒంటిగంట వరకే తెరిచి ఉంటుందనీ లైబ్రేరియన్ ఆవిడే స్వయంగా వచ్చి చెప్పింది. మాస్టారు అక్కడికక్కడే సరేనన్నాడు. ఆవిడ వెళ్ళాక భార్య అడిగింది, ఆ టైముకి నేను పిల్లల దగ్గరుంటాను, మరి కొసలెవరు కోస్తారని.

"నేనే కోస్తాను. ఒక మడత చాకు కొనుక్కుంటాను," అన్నాడు మాస్టారు.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. మూడో రోజు తమ్ముణ్ణి పిలిపించి, మీ బావకి చాకు కావాలట, నువ్వు బండి తీసుకురా, నేనూ వస్తాను అంది.

బావమరిది సరుకుల వ్యాను నడిపేవాడు. మాస్టారికి చూపు పోయాక గొంతు తగ్గించి మాట్లాడనివాడు లోకంలో అతనొక్కడే. వ్యాను ఎక్కించేటప్పుడు కూడా, ముందు సీటులో కూర్చో బావా, దారి చూసి చెబుదువుగాని అన్నాడు. వెనక నుంచి అక్క కసిరింది. మాస్టారు మాత్రం నవ్వి, నువ్వు తోలేది నాకు కనపడకపోవడమే మంచిదిలే అన్నాడు.

తాళాలూ, గొళ్ళేలూ, మేకులూ అమ్మే పాత కొట్టు అది. లోపల నూనె వాసన, ఇనుము వాసన. కొట్టుగలాయన పెద్దవయసువాడని గొంతు చెబుతోంది. విషయం విని, ఆయన మాస్టారితో కాకుండా భార్యతో, "ఆయనకి ఎలాంటిది కావాలంటారమ్మా?" అన్నాడు.

"ఆయన్నే అడగండి. నోరు బాగానే పనిచేస్తుంది," అన్నాడు బావమరిది.

కొట్టుగలాయన కాస్త నొచ్చుకుని గొంతు సవరించుకున్నాడు. మాస్టారు తన గుడ్డసంచిలోంచి తడిపి తెచ్చిన పేము బద్దల కట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు. జేబులో ఇమిడేది కావాలనీ, వీటిని శుభ్రంగా కోయాలనీ, మూసినప్పుడు మూసినట్టే ఉండాలనీ చెప్పాడు.

మొదటిది బావమరిదే ఏరాడు. సగం అంచుకి రంపపు పళ్ళున్న పెద్ద చాకు. దీన్ని చూస్తే కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి బావా అన్నాడు. మాస్టారు దాన్ని తెరిచి, ఒక బద్దని కౌంటరు అంచుకి ఆనించి కోశాడు. కరకరమని చప్పుడొచ్చింది. కోసిన చోట వేలితో తడిమితే పీచులు లేచాయి. ఇలాంటి కొస మీద కూర్చుంటే చీరలూ ప్యాంట్లూ చిరుగుతాయి, చివరికి ఆ చిరుగులూ నా దగ్గరికే వస్తాయి అని మూసి ఇచ్చేశాడు.

రెండోది ఒంపు తిరిగిన బ్లేడుది. పదును బాగుంది. మాస్టారు బొటనవేలిని అంచుకి అడ్డంగా ఆనించి, కొంచెం కొంచెంగా జరుపుతూ చూశాడు. ఒంపున్న దాన్ని సానరాయి మీద పెడితే చెయ్యి తిప్పుతూ ఉండాలి, అది కళ్ళున్నవాళ్ళ పని అన్నాడు. తిన్నని అంచైతే రాయి మీద మొత్తం ఒకేసారి ఆనుతుంది, ఎక్కడైనా లేస్తే చప్పుడు మారి చెబుతుంది. తిన్నగా ఉన్నదే కావాలన్నాడు.

మూడోది తిన్ననిదే. కానీ తెరిచి పట్టుకుని బ్లేడుని పక్కకి ఒత్తితే వెంట్రుకవాసి కదిలింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఒత్తాడు. లోపల రివెట్ వదులైన చప్పుడు. కొట్టుగలాయన తీసుకుని చూసుకున్నాడు, నాకైతే తెలియనే లేదన్నాడు. ఈసారి మాట నేరుగా మాస్టారితోనే. వెనక గదిలోకి వెళ్ళి, ఎప్పటిదో పాత అట్టపెట్టె తీసుకొచ్చి, దుమ్ము దులిపి ముందు పెట్టాడు. ఇవి ఇప్పుడెవరూ అడగడం లేదు, మీరు చూడండన్నాడు.

అందులోవి రెండు మాస్టారి చేతిలో నిలిచాయి. రెండూ బొటనవేలంత వెడల్పు, అరచేతికి లోపడి ఉండే చిన్న చాకులు. రెండింటికీ అంచు స్కేలు పెట్టి గీసినట్టు మొదటి నుంచి చివరిదాకా తిన్నగా ఉంది. వీపు మాత్రం చివరికొచ్చేసరికి కిందికి వాలి అంచుతో కలిసిపోయింది. పొడుచుకునే మొన లేదు. ఒకదానికి ఇత్తడి పిడి, రెండోదానికి చెక్క పిడి. మాస్టారు రెండింటితోనూ బద్దలు కోశాడు. ఒక్క చిన్న టిక్కు, అంతే. కొస నున్నగా వచ్చింది. ఇంకోటి కోశాడు. ఆపైన ఇంకోటి. చేసి చూడాల్సిన అవసరం తీరిపోయినా ఆయన కోస్తూనే ఉన్నాడు. ఆరేళ్ళ తర్వాత ఆయన చెయ్యి ఒక వస్తువుని తను అనుకున్నచోట రెండు చేసింది.

"ఈ రెండిట్లో ఏది తీసుకోమంటావు?" అని మాస్టారు భార్య నిలబడిన వైపు తిరిగాడు.

మెట్టు దిగిన చెప్పుల చప్పుడు వినిపించింది. మాస్టారు చాకులు రెండూ మూసి కౌంటరు మీద పెట్టి, బావమరిది భుజం పట్టుకుని బయటికొచ్చాడు. ఆవిడ మెట్టు మీద కూర్చుని ఉందని అతను చెప్పి, తను వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు. మాస్టారు తడుముకుంటూ పక్కన కూర్చున్నాడు.

నా చెయ్యి తెగుతుందని భయమా, చూశావుగా అన్నాడు.

"మీ చెయ్యి తెగుతుందని కాదు నేను దాచింది," అంది ఆవిడ.

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. చూపు పూర్తిగా పోయిన నెలలో ఒక సాయంత్రం ఆయన తన పెద్ద కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. దీపం పెట్టడానికి వచ్చిన ఆవిడతో, ఇంక నేనెందుకే అన్నాడట. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. టైమెంతయిందని అడిగినట్టు అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇంట్లోని కత్తెర్లూ, కత్తులూ, గడ్డం గీసుకునే బ్లేళ్ళూ అన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. ఏడాదిపాటు పక్కింట్లో కూర్చుని కూరగాయలు తరిగి తెచ్చుకుంది. రొట్టె సంగతి ఆ తర్వాతది. పక్కింటివాళ్ళ కత్తి ఒకటి పొరపాటున వంటింట్లో ఉండిపోయిన రోజది. మూడు కుట్లు పడ్డప్పుడు ఒక విధంగా తనకి ఊరటే కలిగిందని చెప్పింది. అడిగినవాళ్ళకి చెప్పడానికి ఒక కారణం దొరికింది కదా.

ఆ ఏడాది వంటింట్లోంచి తరిగే చప్పుడు రాకపోవడం ఆయనకి గుర్తుంది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. తనని చంటిపిల్లాడి కింద జమకట్టిందని లోలోపల ఉడుక్కున్నాడే గాని, ఇంకో కారణం ఉండొచ్చని తోచలేదు. ఇన్నేళ్ళూ "ఇదిగో" అనగానే పరుగున వచ్చిన అడుగుల్లో ఇంత బరువుందని వినిపించలేదు. చెవులు పదునెక్కాయని అందరితో గొప్పగా చెప్పుకున్న మనిషికి.

"అన్నానేమో. అనలేదని చెప్పను," అన్నాడు చివరికి. "అప్పుడలాగే ఉండేది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నలభై నాలుగు కుర్చీలున్నాయి. అవయ్యాక ఏముంటుందో నాకూ తెలియదు. నీకు మళ్ళీ అలాంటి అనుమానం వస్తే నన్నే అడుగు. తాళం వెయ్యకు. అబద్ధం చెప్పను."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. తనే ముందు కొట్టులోకి వెళ్ళింది. ఇత్తడి పిడి చాకు తెరిచింది, మూసింది. చెక్క పిడిది తెరిచింది, మూసింది. అలా నాలుగైదుసార్లు చేసి, ఇత్తడిదే ఇవ్వండని కొట్టుగలాయనతో అంది. చెక్కది తేలిగ్గా ఉంటుంది కదా అన్నాడు మాస్టారు. ఇది తెరిచినప్పుడు గట్టిగా టక్కుమంటోంది, వంటింట్లోకి వినపడుతుంది అందావిడ. మాస్టారు ఇంక బేరీజు వెయ్యలేదు. కొట్టుగలాయన ఆ చాకుతో పాటు ఒక చిన్న సానరాయి కూడా కాగితంలో చుట్టి, ఇది నా తరఫున ఉంచండన్నాడు.

లైబ్రరీ పని మొదలైన మూడోరోజే ఎడమ బొటనవేలు తెగింది. పెద్దదేమీ కాదు, ముడి దగ్గర చాకు జారింది. మాస్టారు రుమాలు చుట్టుకుని, ఇంటికొచ్చి ఆ చెయ్యి జేబులోనే పెట్టుకుని అన్నం సంగతి అడిగాడు. ఆవిడ ఆ చెయ్యి బయటికి లాగి చూసింది. మందు రాసి, గుడ్డపేలిక కట్టి, చాకు పదునుగానే ఉందన్నమాట అంది. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు మాస్టారికి ఆవిడంటే కొంచెం భయం కూడా వేసింది.

రెండు నెలల్లో కుర్చీలన్నీ అయ్యాయి. లైబ్రేరియన్ ఆవిడ ఒక కుర్చీ తలకిందులు చేసి, అడుగువైపు ఇంత శుభ్రంగా ఎవరు చూస్తారని కోశారండీ అని అడిగింది. తడిమితే తెలుస్తుందండీ అన్నాడు మాస్టారు.

ఇంట్లో మధ్యాహ్నాలు మాత్రం కొత్తగా తయారయ్యాయి. వరండాలో ఆయన అల్లుకుంటూ, తనే కోసుకుంటూ పోతుంటే ఆవిడకి పని లేదు. మొదటివారం అలవాటుగా వచ్చి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పిలుపు కోసం చెయ్యి కొంగు వైపు వెళ్ళి వెనక్కి వచ్చేది. ఆయనకి ఆ గాజుల చప్పుడు తెలుస్తూనే ఉంది. కావాలని ఒకటి రెండు కొసలు వదిలి కొయ్యమన్నాడు గాని, దొంగ పని అని ఆవిడకి తెలిసిపోయింది. మీ పని మీరు చేసుకోండి, నా కోసం కల్పించకండి అంది.

రెండోవారం ఒక మధ్యాహ్నం ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. గోడకి చేరగిలబడి నిద్రపోయింది. పగలు ఆవిడ కునుకు తీయడం మాస్టారు ఈ ఆరేళ్ళలో ఎరగడు. బద్ద లాగేటప్పుడు చప్పుడు కాకుండా నీళ్ళతో ఇంకాస్త ఎక్కువ తడుపుకుంటూ, ఒక సీటు సగం వరకూ అల్లాడు.

లేచాక ఆవిడ కంగారుగా ఎంతసేపు పడుకున్నానని అడిగింది. గంటన్నర అన్నాడు. అంతసేపా, లేపకూడదా అని కోప్పడింది.

లేపాల్సిన పనేమీ రాలేదు అన్నాడు మాస్టారు. ఆవిడ జుట్టు ముడి వేసుకుంటూ, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.