కిటికీ వైపు పడక

మొయినాబాద్‌లో మెహిదీపట్నం బస్సులు ఆగే చోట రామేశ్వర్ కిరాణా దుకాణం. వెనకాలే ఇల్లు. పడకగది కిటికీ మురికి కాలువ వైపు తెరుచుకుంటుంది. ఆ కిటికీ పక్కన పడుకునేది ఆయన భార్య అన్నపూర్ణ. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె చోటు అదే.

పొద్దు వాలి, బియ్యం బస్తాల మీంచి వెలుగు జారిపోగానే దోమలు వస్తాయి. ఎంతమంది కూర్చున్నా అన్నపూర్ణనే వెతుక్కుంటాయి. ఆమె మెడ మీద, మోచేతుల మీద ఎర్రటి చుక్కలు ఏ కాలంలోనూ మానవు. నిద్ర కూడా ఆమె మీద దోమలాగే వాలుతుంది, కాసేపుండి లేచిపోతుంది.

"నీ రక్తం తియ్యగుంటది. నన్ను జూడు, ఒక్కటి గూడ కుట్టది" అంటాడు రామేశ్వర్.

కిటికీకి దోమల జాలీ కొట్టించమంటే "గాలి ఆగిపోతది" అంటాడు. అడిగి అడిగి ఆ మాట కూడా అలసిపోయింది. ఆమెకు కావలసింది తెంపు లేని ఒక్క నిద్ర.

మొన్నటి కార్తీకంలో రామేశ్వర్ అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల బట్టలు, చెప్పులు లేని కాళ్లు, దేవుని గదిలో చాప మీద పడక. దీక్షలో ఉన్నన్నాళ్లూ ఆయన్ను అందరూ స్వామీ అనాలి. ఆయన ఆడవాళ్లందరినీ, కట్టుకున్న భార్యను కూడా, మాతా అని పిలవాలి. అన్నపూర్ణ తెల్లవారకముందే తలస్నానం చేసి, తడి జుట్టుతోనే స్వామికి వేరుగా వండేది. మాత అయ్యాక పని రెట్టింపయింది.

వారం తిరగకముందే స్వామి కాళ్లు గోక్కుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"మాతా, ఈ గదిల దోమలెక్కడియి? మన గదిల లేకుండె గద!"

అన్నపూర్ణ పిండి కలిపే చెయ్యి ఆపింది. "ఉండె స్వామీ. నా మీద ఉండె."

కాలేజీకి తయారవుతున్న కూతురు ఉషశ్రీ పకపకా నవ్వింది. "డాడీ... సారీ, స్వామీ! అవి రక్తం రుచి జూసి రావు. మన ఊపిరి పట్టుకొని వస్తయి. దగ్గరికొచ్చినంక ఒంటి వేడి, చర్మం వాసన. ఒక్కొక్కరి వాసన వాటికి ఎక్కువ నచ్చుతది, మనం మార్చుకునేది కాదు. నల్ల బట్టలైతే ఇంక తొందరగ కనబడ్తయి."

"మరి ఇన్నేండ్లు నన్ను కుట్టలే గద?"

"ఇన్నేండ్లు అమ్మ పక్కన పండుకున్నవు. అమ్మను దాటి నీ దాక రాలే."

ఆయన నుదుటి విభూతి మీద ఒక దోమ వాలింది. చెయ్యి లేపాడు. దీక్షలో ప్రాణం తీయకూడదని గుర్తొచ్చి దించేశాడు.

"కుట్టేటియన్ని ఆడదోమలే స్వామీ. గుడ్లు పెట్టనీకి రక్తం కావాలె వాటికి" అంది ఉషశ్రీ.

"అయితే అవి గూడ మాతలే. దండం పెట్టుకో స్వామీ" అంది అన్నపూర్ణ. నవ్వింది కూడా. ఆ నవ్వు సగంలోనే ఆవలింతగా మారిపోయింది.

ఆ మధ్యాహ్నమే చేవెళ్ల నుంచి మనిషిని పిలిపించి దేవుని గది కిటికీకి జాలీ కొట్టించాడు రామేశ్వర్. పడకగది కిటికీ సంగతి ఎత్తితే, "దీక్ష అయిపోనీ మాతా" అన్నాడు.

మర్నాడు విస్తరి వేస్తూ అడిగింది. "గాలి ఎట్లున్నది స్వామీ?"

"మంచిగనే వస్తున్నది" అన్నాడాయన, విస్తరిలోకి చూస్తూ.

ఆయన శబరిమల వెళ్లిన రోజుల్లో దుకాణం కూడా ఆమె మీదే పడింది. జాలీ ఉన్న గది ఖాళీగానే ఉంది. స్వామి చాప కదా అని ఆమె దాని మీద కాలు పెట్టలేదు. రోజూ దీపం వెలిగించి, వచ్చి కాలువ వైపు కిటికీ పక్కనే పడుకుంది.

తిరిగొచ్చి మాల తీసిన సాయంత్రం రామేశ్వర్ ప్రయాణపు బడలికతో పడకగదిలో నడుం వాల్చాడు. "అన్నపూర్ణా, జరసేపు నువ్వు గూడ పండుకోరాదూ" అని చేత్తో కిటికీ వైపు చోటు చూపించాడు.

చాలా రోజుల తర్వాత ఆమెకు తన పేరు వినబడింది. ఆ పిలుపులోని ప్రేమ అబద్ధం కాదు. ఆయన చెయ్యి చూపించిన చోటు కూడా అబద్ధం కాదు. ఆమె తన దిండు తీసుకుంది.

"అటెటు?"

"మాల తీసినవు గద. ఆ చాప ఇప్పుడు చాపే."

దేవుని గదిలో పడుకుని కొంగు మీదికి లాక్కుంది. చెవి దగ్గర ఏ చప్పుడూ లేదు. దుకాణం ముందు బేరానికొచ్చిన సాయమ్మ గొంతు వినిపించింది. "అన్నపూర్ణమ్మా, చింతపండు!"

పక్క గదిలో చేత్తో ఒళ్లు చరుచుకున్న చప్పుడు. తర్వాత రామేశ్వర్ లేచి దుకాణంలోకి నడిచిన అడుగులు. అవి పూర్తిగా వినకముందే ఆమె నిద్రపోయింది.