మొగుడి నుంచి కూడా వస్తుందా?

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తలో నేను అక్కడ నర్సింగు చదువుతున్నాను. సుఖవ్యాధుల పాఠం వచ్చిన రోజు మా ట్యూటరమ్మ "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసింది. ఆ జబ్బులు తిరుగుబోతు ఆడవాళ్ళకే వస్తాయని హాస్టల్లో గట్టి నమ్మకం. నా గదిలో ఉండే స్నేహితురాలు, ఆ ఊరి చూలై పేట అమ్మాయి, అలాంటి రోగి మంచం తగిలినా స్నానం చేసేది.

ఆ రోజుల్లోనే ఊరి చివరి మనలి నుంచి ఒకామె కడుపునొప్పి, జ్వరంతో మా వార్డులో చేరింది. తెలుగావిడే కాబట్టి అక్కా అని పిలిచేవాళ్ళం. పరీక్షలో సుఖవ్యాధి అని తేలింది. ఆమె భర్త ట్యాంకరు లారీ డ్రైవరు. సాయంత్రం అతను చూడడానికి వస్తే, నా స్నేహితురాలు పక్కకు పిలిచి చెప్పేసింది.

"మీ ఆమెకు చెడ్డ జబ్బు ఉండాది. కొంచెం కనిపెట్టుకోనుండండి."

అతను తిన్నగా వచ్చి ఆమెను జుట్టు పట్టి మంచం మీద నుంచి ఈడ్చాడు. సెలైన్ సూది ఊడి నేలంతా రక్తం.

"నేను లారీ ఎక్కితే ఇంట్లోకి ఎవుడే వచ్చేది?" అంటూ పొట్టలో తన్నాడు.

నేను అడ్డం పడ్డాను. సెలైన్ స్టాండు ఎత్తి కొట్టాడు. నా ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

ఆమె కింద పడి ఉండగానే, చేతికందిన ఇనుప బేసిన్ తీసి అతని మొహాన కొట్టింది. పెదవి చీలింది.

"నీకు చీము పడతా ఉంటే దొంగగా సూదులు ఏపించుకొని, నాకు చెప్పకుండా నా పక్కలోకి వచ్చినావు గదరా! ఇంకెవుడ్రా ఈడ?"

వార్డంతా విన్నది. చుట్టుపక్కల మగవాళ్ళు వచ్చి అతన్ని బయటికి లాక్కుపోయారు.

నా చేతికి పిండికట్టు వేస్తుండగా స్నేహితురాలు అడిగింది. "మొగుడి నుంచి కూడా వస్తుందా?"

"వస్తుంది. ఎక్కువమందికి అట్లనే వస్తుందని ఇప్పుడే డాక్టరమ్మ చెప్పింది," అన్నాను.

మర్నాడు తను ఆమె దగ్గరికి వెళ్ళి, "అక్కా, ఆయనకు చెప్పింది నేనే" అంది. ఆమె పడుకున్నచోటు నుంచే లాగి చెంప మీద కొట్టింది. నా స్నేహితురాలు కదల్లేదు. ఐదు వేళ్ళూ తేలిన మొహంతోనే నిలబడి, ఆమె చేతికి సూది ఊడిన చోట వదులైన కట్టు విప్పి, కొత్తది కట్టింది.

జ్వరం తగ్గాక ఆమెను మాధవరం నుంచి అన్న వచ్చి తీసుకెళ్ళాడు. భర్తను వైద్యానికి రమ్మని డాక్టరమ్మ కబురు పంపింది. అతను రాలేదు.