మావయ్యకు పడిన పసుపు సిగ్నల్

తొంభైల చివర్లో మేం ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. ఓ వానసాయంత్రం, నొప్పులు మొదలైన నా భార్యను స్నేహితుడి విదేశీ కారులో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. పక్కసీట్లో మా మావయ్య, అంటే మా ఆవిడ నాన్న. రైలింజన్ డ్రైవరుగా రిటైరైన మనిషి.

లైట్లు, వైపర్లు, ఫ్యాన్ అన్నీ వేసి ఉన్నాయి. ఉన్నట్టుండి స్టీరింగ్ ముందు ‘ఏబీఎస్’ అని పసుపు దీపం వెలిగింది.

“పసుపు పడిపోనాది! ముందర ఎర్ర ఉంటాది బాబూ, స్లో చెయ్!” అన్నారు మావయ్య.

“ఇది సిగ్నల్ కాదు మావయ్యా, బ్రేకుల దీపం.”

“బ్రేకులా? అయితే ఆపీ బండి!”

హడలిపోయి వేగం తగ్గించాను. బ్రేకు పడుతూనే ఉంది గానీ దీపం ఆరలేదు. వెనకసీట్లోంచి మా ఆవిడ కేకేసింది: “ఆపితే ఇక్కడే కనేస్తాను నానా!”

తెగించి కాస్త వేగం పెంచాను. దీపం ఆరిపోయింది! మలుపులో తగ్గిస్తే మళ్లీ వెలిగింది. ఇంజన్ నెమ్మదిస్తే కరెంటు చాలక ఆ దీపం వెలుగుతోందని అప్పుడర్థమైంది. ఫ్యాన్ కట్టేశాను. ఇక వెలగలేదు. మావయ్య తువ్వాలుతో అద్దం మీది ఆవిరి తుడుస్తుంటే ఆసుపత్రి చేరాం.

పాప పుట్టింది. మర్నాడు బానెట్ ఎత్తితే, బ్యాటరీకి కరెంటు అందించే డైనమో బెల్టు వదులైపోయి ఉంది. నెమ్మదిగా వెళ్లమన్న మావయ్య మాట విన్నంతసేపూ ఆ దీపం ఆరలేదని తలుచుకుని అందరం నవ్వుకున్నాం. కానీ ఇప్పటికీ ఏ కారులో పసుపు దీపం వెలిగినా, ముందుగా నా చెవి మా ఆవిడ కేక కోసం వెనకసీటు వైపే పోతుంది.